మోకీలు మార్పిడి తర్వాత నొప్పి: ఏ నరాన్ని ఆపాలి, ఏ కండరాన్ని వదిలేయాలి

మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్లు మన దగ్గర ఎక్కువగా వెన్నులో మత్తు ఇచ్చి చేస్తారు. స్పైనల్ అని అందరూ పిలిచే ఈ మత్తు రెండు మూడు గంటలపాటు నడుము కింది భాగాన్నంతటినీ మొద్దుబారుస్తుంది. రోగి మెలకువగానే ఉన్నా ఎముక కోస్తున్న సంగతి తెలియదు. చిక్కంతా ఆ తర్వాతే. ఉదయం 10 గంటలకు ఆపరేషన్ మొదలైనవారికి మధ్యాహ్నం దాటేసరికి కాలి వేళ్లు కదలడం మొదలవుతుంది, దాని వెనకే కీలు లోపలి నుంచి నొప్పి తన్నుకొస్తుంది. తొడ ఎముక కొసనూ ముంగాలి ఎముక తలనూ చెక్కి, వాటిమీద లోహపు తొడుగులు బిగించిన చోటు అది. ఆపరేషన్లలో బాగా నొప్పి పెట్టేవాటి వరసలో దీనికి ఎప్పుడూ పైచోటే. అయినా ఆ నొప్పి తగ్గేదాకా పడుకోనిచ్చే రోజులు పోయాయి. రక్తనాళాల్లో గడ్డలు కట్టకుండా, కీలు బిగుసుకుపోకుండా ఉండాలంటే అదే సాయంత్రమో, మర్నాటి ఉదయమో వాకర్ పట్టుకుని లేచి నిలబడాలి.

అంటే నొప్పి తెలియకూడదు, కాలు మాత్రం మనిషి బరువు మోయాలి. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డుపడతాయి, ఎందుకంటే మోకాలి నొప్పిని మెదడుకు చేరవేసే నరమూ, మోకాలిని నిటారుగా నిలబెట్టే కండరాన్ని నడిపే నరమూ చాలా దూరం ఒకే కట్టలో ప్రయాణిస్తాయి. నరం పక్కన మందు వేసి దాన్ని కొంతసేపు మొద్దుబార్చడాన్ని నర్వ్ బ్లాక్ అంటారు. గడిచిన నాలుగైదు దశాబ్దాల్లో వచ్చిన నర్వ్ బ్లాక్ పద్ధతులన్నీ ఈ కట్టను ఎక్కడ విడదీయవచ్చు అన్న ప్రశ్నకు చెప్పిన జవాబులే. కాబట్టి ఏ పద్ధతి నొప్పిని ఎంత తగ్గించిందని అడిగి ఊరుకుంటే పోలిక సగమే అవుతుంది. నొప్పితో పాటు ఇంకేం తీసుకుపోయిందో కూడా లెక్క వేయాలి.

ముందు నరాల సంగతి. మోకాలి ముందు భాగం, అంటే గాటు పడే చర్మం, చిప్ప చుట్టూ ఉన్న కణజాలం, కీలును చుట్టిన పొరలో ముందు సగం, ప్రధానంగా ఫీమోరల్ నరం పరిధిలోకి వస్తుంది. నడుములోని రెండు, మూడు, నాలుగు వెన్నుపూసల దగ్గర పుట్టే ఈ నరం గజ్జ దగ్గర తొడలోకి దిగి, కొద్ది దూరంలోనే కొమ్మలుగా చీలిపోతుంది. ఎక్కువ కొమ్మలు తొడ ముందున్న నాలుగు తలల కండరానికి, అంటే క్వాడ్రిసెప్స్‌కు వెళ్తాయి. సఫీనస్ అనే కొమ్మ మాత్రం ఏ కండరాన్నీ నడపదు. స్పర్శను, నొప్పిని మాత్రమే మోస్తూ మోకాలి లోపలి వైపు నుంచి పాదం దాకా పోతుంది. మోకాలి వెనక భాగానిది వేరే కథ. పిరుదు నుంచి దిగే సయాటిక్ నరం తాలూకు శాఖలు, వాటితో పాటు తొడ లోపలి నుంచి వచ్చే ఆబ్ట్యురేటర్ నరం కొసలు కలిసి, మోకాలి మడత లోతులో రక్తనాళం చుట్టూ సన్నని వలలా అల్లుకుని వెనక పొరకు నొప్పిని అందిస్తాయి. ముందు భాగాన్ని ఎంత చక్కగా మొద్దుబార్చినా "మోకాలి వెనక పిక్కపైన గుంజుతోంది" అని రోగి అనడానికి కారణం ఇదే.

ఒకప్పుడు ఈ తేడాల గొడవ లేకుండా ఎపిడ్యూరల్ పెట్టేవారు. వెన్నుపాము చుట్టూ ఉన్న ఖాళీలో సన్నని గొట్టం ఉంచి, రెండు మూడు రోజులు మందు ఎక్కించేవారు. నొప్పి బాగానే ఆగేది, కానీ ఒక మోకాలి కోసం రెండు కాళ్లూ బరువెక్కేవి, రక్తపోటు పడిపోయేది, మూత్రానికి గొట్టం వేయాల్సి వచ్చేది. పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇనాక్సాపరిన్ లాంటి మందులు మామూలైపోయాక ఎపిడ్యూరల్ మీద భయం పెరిగింది. నివారణ మోతాదు ఇచ్చిన తర్వాత కనీసం 12 గంటలు ఆగకుండా ఆ గొట్టాన్ని పెట్టకూడదు, తీయకూడదు. వెన్నులో రక్తం చేరి గడ్డకడితే కాళ్లు శాశ్వతంగా చచ్చుబడే ప్రమాదం ఉంది. అరుదైన ప్రమాదమే, కానీ మోకాలి నొప్పి కోసం ఆ ప్రమాదాన్ని నెత్తికెత్తుకోవడం ఎందుకన్న ప్రశ్న సహజంగానే వచ్చింది.

అలా వైద్యుల చూపు వెన్ను నుంచి గజ్జకు దిగింది. 1973లో అమెరికా వైద్యుడు అలోన్ విన్నీ గజ్జ దగ్గర ఒక్క సూదితో ఫీమోరల్ నరంతో పాటు మరో రెండు నరాలను కూడా మొద్దుబార్చవచ్చని ప్రతిపాదించి, దానికి త్రీ ఇన్ వన్ అని పేరు పెట్టాడు. మూడో నరం, ఆబ్ట్యురేటర్, ఆ సూదికి నమ్మకంగా దొరకదని తర్వాతి పరిశీలనల్లో తేలినా, ఫీమోరల్ బ్లాక్ మాత్రం నిలబడింది. 2000 తర్వాత అల్ట్రాసౌండ్ యంత్రాలు ఆపరేషన్ థియేటర్లలోకి వచ్చి, నరం ఎక్కడుందో తెరమీద చూస్తూ మందు వేయడం మొదలయ్యాక, మోకీలు మార్పిడికి ఇదే మేలైన పద్ధతి అన్న పేరు వచ్చింది. నొప్పి విషయంలో ఆ పేరు న్యాయమైనదే. ఈ రోజుకీ మోకాలి ముందు భాగం నొప్పిని పూర్తిగా తీసేయడంలో దీన్ని మించినది లేదు.

లోపం రోగి లేచినప్పుడు బయటపడుతుంది. మందు పడిన చోటు కొమ్మలు చీలకముందే ఉంది కాబట్టి స్పర్శతో పాటు కండరమూ నిద్రపోతుంది. రాత్రి మూత్రానికి లేచిన మనిషిని ఊహించుకోవాలి: నొప్పి లేదు, కాలు బాగానే ఉందనిపిస్తుంది, మంచం అంచు నుంచి పాదం నేలకు ఆనుతుంది, బరువు వేయగానే మోకాలు మడతపడిపోతుంది. నొప్పి లేకపోవడమే ఇక్కడ మోసం చేస్తుంది. నొప్పి ఉన్నవాడైతే మనిషి సాయం లేకుండా లేవడు.

ఈ బలహీనత ఎంత ఉంటుందో డెన్మార్క్ పరిశోధకులు 2013లో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఆరోగ్యవంతుల మీద కొలిచి చూశారు. ఫీమోరల్ బ్లాక్‌తో క్వాడ్రిసెప్స్ బలం 49 శాతం పడిపోగా, తొడ మధ్యలో వేసే అడక్టర్ కెనాల్ బ్లాక్‌తో 8 శాతం మాత్రమే తగ్గింది. ఇక పడిపోవడం గురించి అంతకు ముందే, 2010లో, కాలి నరాల దగ్గర గొట్టం పెట్టి రోజుల తరబడి మందు ఎక్కించిన మూడు పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు, గొట్టం గుండా ఉప్పునీరు మాత్రమే అందినవారిలో ఒక్కరూ పడలేదు, మందు అందినవారిలో 6 మంది మొత్తం 7 సార్లు పడ్డారు. సంఖ్య చిన్నదే. అయినా కొత్త కీలు పెట్టుకున్న 65 ఏళ్ల మనిషి ఒక్కసారి పడినా కుట్లు విడిపోవచ్చు, ఎముక విరగవచ్చు, మళ్లీ థియేటర్‌కు వెళ్లాల్సి రావచ్చు. న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. అమెరికాలో 1,90,000కు పైగా మోకీలు మార్పిడుల రికార్డులు తిరగేసి 2014లో ప్రచురించిన విశ్లేషణలో, నర్వ్ బ్లాక్‌లు తీసుకున్నవారు తక్కినవారికన్నా ఎక్కువగా పడిపోయినట్టు కనిపించలేదు. మోకీలు మార్పిడి తర్వాత బ్లాక్ లేకపోయినా కాలు బలహీనంగానే ఉంటుంది, నొప్పే కండరాన్ని పనిచేయనివ్వదు. కాబట్టి పడిపోవడానికి బ్లాక్ ఒక్కటే కారణమనడం తొందరపాటు. బ్లాక్‌తో మొద్దుబారిన కాలిని కాపలా లేకుండా వదిలేయడం కారణం అనడం సబబు.

అడక్టర్ కెనాల్ అన్నది తొడ లోపలి వైపు, సార్టోరియస్ అనే పట్టీలాంటి కండరం కింద ఉండే సొరంగం. దీనికి హంటర్ కాలువ అని పాత పేరు. లండన్ వైద్యుడు జాన్ హంటర్ 1785లో ఒక బండివాడి మోకాలి వెనక ఉబ్బిపోయిన రక్తనాళాన్ని నయం చేయడానికి కాలు తీసేయకుండా, ఈ కాలువలోనే ధమనిని కట్టేశాడు. రెండు శతాబ్దాల తర్వాత అదే కాలువ మత్తు వైద్యులకు అక్కరకొచ్చింది, ఎందుకంటే అక్కడికి చేరేసరికి క్వాడ్రిసెప్స్ కొమ్మల్లో ఎక్కువ భాగం కండరాల్లోకి వెళ్లిపోయి ఉంటాయి. ధమని పక్కనే సాగేది ప్రధానంగా సఫీనస్. దానికి తోడు క్వాడ్రిసెప్స్ లోపలి తలను, అంటే వాస్టస్ మీడియాలిస్‌ను నడిపే కొమ్మ మాత్రమే ఆ పరిసరాల్లో ఉంటుంది, అది కూడా కీలు నుంచి నొప్పిని తెచ్చే కొమ్మే.

బ్లాక్ వేసే తీరు దగ్గరగా చూస్తే ఈ ఎంపికలోని సున్నితత్వం అర్థమవుతుంది. రోగి వెల్లకిలా పడుకుని కాలిని కొంచెం బయటికి తిప్పి ఉంచుతాడు. తొడ మధ్యలో జెల్ రాసి అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఆనిస్తే, తెరమీద పైన పడవ ఆకారంలో సార్టోరియస్, దాని కింద గుండ్రంగా నల్లగా కొట్టుకుంటూ ధమని, ప్రోబ్‌తో నొక్కితే నలిగిపోయే సిర కనిపిస్తాయి. ధమనికి బయటి పక్కన తెల్లని చుక్కలాంటిది సఫీనస్. అన్ని తొడల్లోనూ అది విడిగా కనిపించదు, కనిపించాలని పట్టుబట్టనక్కర్లేదు. సూది తొడ బయటి వైపు నుంచి సార్టోరియస్‌ను దాటుకుని ధమని పక్కకు చేరాక, ముందు రెండు మూడు మిల్లీలీటర్లు వదిలి చూస్తారు. ద్రవం కండరంలో ఉబ్బితే సూది ఇంకా పొర దాటలేదని అర్థం. ధమనికీ కండరానికీ మధ్య నల్లని నెలవంకలా విచ్చుకుంటే చోటు కుదిరింది. సాధారణంగా 20 మిల్లీలీటర్ల దాకా మందు వేస్తారు. చేతికి అలవాటైనవారికి ఇదంతా ఐదారు నిమిషాల పని.

ఇక్కడ శరీర నిర్మాణం తెలిసినవారు ఒక పేచీ పెట్టారు, అది ఉత్త పేరు గొడవ కాదు. నడుము ముందున్న ఎముక మొననూ మోకాలి చిప్పనూ కలిపే గీతకు సరిగ్గా మధ్య భాగంలో వేసే బ్లాక్‌ను అందరూ అడక్టర్ కెనాల్ బ్లాక్ అనే రాసుకుంటారు, నిజానికి చాలామంది శరీరాల్లో ఆ చోటు కాలువ మొదలవడానికి ముందున్న ఫీమోరల్ త్రికోణం కిందకే వస్తుంది. సార్టోరియస్ లోపలి అంచు, అడక్టర్ లాంగస్ అనే తొడ కండరం లోపలి అంచు కలిసే చోటే అసలు కాలువ ముఖద్వారం. సూది దానికి పైన ఉంటే వాస్టస్ మీడియాలిస్ కొమ్మ కూడా దొరుకుతుంది, నొప్పి ఎక్కువ తగ్గుతుంది. కానీ మందు మరీ ఎక్కువైతే పైకి పాకి ఫీమోరల్ నరాన్నే తాకి కాలును బలహీనపరచవచ్చు. కింద ఉంటే కాలు భద్రం, మందు మోకాలి వెనక వైపు కొంత జారవచ్చు కూడా, కానీ ముందు నొప్పి అంతగా తగ్గకపోవచ్చు. రెండు ఆసుపత్రుల ఫలితాలు ఒకే పేరుతో ప్రచురితమై ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉండటానికి ఇలాంటి నాలుగైదు సెంటీమీటర్ల తేడాలు కూడా ఒక కారణం. పోలికలు చదివేటప్పుడు పేరు చూసి ఆగిపోకుండా, సూది ఎక్కడ దిగింది, ఎంత మందు పడింది అన్నవి వెతకాలి.

ముందు భాగం సంగతి ఇలా ఒక దారికి వచ్చాక మిగిలింది వెనక. మొదట్లో దీనికి సయాటిక్ నరాన్నే మొద్దుబార్చేవారు. నొప్పి పోయేది, పాదం కూడా పోయేది. వేళ్లు, చీలమండ కదలవు. మోకీలు మార్పిడిలో మోకాలి బయటి పక్కనున్న సయాటిక్ కొమ్మ, పెరోనియల్ నరం, సాగి దెబ్బతినే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, ముఖ్యంగా మోకాళ్లు లోపలికి ఒరిగి పాదాలు దూరంగా ఉండే కాళ్లను నిటారు చేసినప్పుడు. ఆపరేషన్ అయిన రెండు గంటలకు సర్జన్ వచ్చి "పాదం పైకి లేపండి" అన్నప్పుడు అది లేవకపోతే, అది బ్లాక్ ప్రభావమా, కట్టు బిగువా, లేక నరానికి దెబ్బా అన్నది మర్నాటిదాకా తేలదు. కట్టు బిగువైతే ఆ ఆలస్యం నష్టం చేస్తుంది. ఎముకల సర్జన్లు సయాటిక్ బ్లాక్‌ను ఇష్టపడకపోవడంలో మొండితనం ఏమీ లేదు.

ఐప్యాక్ అనే బ్లాక్ ఈ ఇబ్బందిలోంచే పుట్టింది. మోకాలి వెనక ధమనికీ కీలు పొరకూ మధ్యనున్న సందు అని దాని పూర్తి పేరుకు అర్థం. అమెరికాలో పనిచేసే సంజయ్ సిన్హా 2012 ప్రాంతంలో దీన్ని పరిచయం చేశారు. ఆలోచన తేలికగా అర్థమయ్యేదే. పెద్ద నరాన్ని వదిలేసి, దాని నుంచి కీలు పొరకు వచ్చే సన్నని కొసలను మాత్రమే, అవి పొరలోకి దూరే చోటే ముంచెత్తాలి. మోకాలిని కాస్త మడిచి, ప్రోబ్‌ను మడత దగ్గర ఉంచి, తొడ ఎముక మెరుపు గీతకూ ధమనికీ మధ్య సూదిని ఎముకకు సమాంతరంగా నడిపి, వెనక్కి లాగుతూ 15 నుంచి 20 మిల్లీలీటర్లు వదులుతారు. పాదం కదులుతూనే ఉంటుంది, తొడ బలం చెక్కుచెదరదు. అయితే మందు మరీ పైకో పక్కకో పోతే పెరోనియల్ నరాన్ని తాకి పాదం తాత్కాలికంగా వాలిపోయిన సందర్భాలూ నమోదయ్యాయి కాబట్టి, దీనివల్ల పాదానికి ఏమీ కాదని రోగికి మాట ఇవ్వకూడదు.

అడక్టర్ కెనాల్ బ్లాక్‌కు ఐప్యాక్ జతచేస్తే మేలెంత? ఇక్కడ ఫలితాలు రెండుగా చీలతాయి, ఆ చీలికకు కారణం మాత్రం స్పష్టంగానే ఉంది. సర్జన్ కీలు లోపల మందు చిలకరించని చోట ఐప్యాక్ ప్రయోజనం కనిపిస్తుంది. చిలకరించిన చోట మాయమవుతుంది లేదా మొదటి కొన్ని గంటలకే పరిమితమవుతుంది. ఈ చిలకరింపును పద్ధతిగా మార్చింది ఆస్ట్రేలియా. సిడ్నీకి చెందిన డెనిస్ కెర్, లారెన్స్ కోహన్ 2008లో తమ 325 మంది రోగుల అనుభవాన్ని ప్రచురించారు. మొద్దుబార్చే రోపివకెయిన్, నొప్పి తగ్గించే కీటోరొలాక్, అడ్రినలిన్ కలిపిన ద్రవాన్ని కొత్త కీలు అమర్చేముందూ అమర్చాకా, వెనక పొర మొదలుకుని చర్మం కిందిదాకా పొరపొరలో సర్జనే ఎక్కించడం వారి పద్ధతి. యంత్రం అక్కర్లేదు, వేరే సూది అక్కర్లేదు, నరాన్ని వెతకక్కర్లేదు. అడక్టర్ కెనాల్‌కూ ఫీమోరల్‌కూ పోటీ పెట్టి చూస్తున్న మత్తు వైద్యులకు, గాయం తెరిచి ఉండగా సర్జన్ వేసే ఈ మందు అసలు పోటీదారుగా మారింది. దీని బలం వెనక పొర దగ్గర; బలహీనత, వేసే చేతిని బట్టి ఫలితం మారిపోవడం. వెనక పొరకు చాలా దగ్గరలోనే పెద్ద ధమని ఉంటుంది కాబట్టి కొందరు సర్జన్లు ఆ భాగంలో సూది దించడానికి జంకుతారు. అలాంటి సర్జన్ దగ్గర ఐప్యాక్ అవసరం, ధైర్యంగా వేసే సర్జన్ దగ్గర అది అదనపు సూది. ఆపరేషన్‌ను బట్టి బ్లాక్ నిర్ణయించడం అందరూ చేసేదే. సర్జన్‌ను బట్టి నిర్ణయించడం కూడా అంతే సమంజసం.

ఆపరేషన్ల వారీగా నొప్పి చికిత్సను సమీక్షించే యూరప్ నిపుణుల బృందం ప్రాస్పెక్ట్ 2022లో మోకీలు మార్పిడికి ఇచ్చిన సూచనలు కూడా ఈ దారిలోనే ఉన్నాయి: పారసిటమాల్, వాపు తగ్గించే నొప్పి మందు, ఆపరేషన్ సమయంలో సిరలోకి డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్, వాటితో పాటు ఒక్కసారి వేసే అడక్టర్ కెనాల్ బ్లాక్, కీలు చుట్టూ సర్జన్ చిలకరింపు. ఫీమోరల్ బ్లాక్‌కు ఆ జాబితాలో చోటు దక్కలేదు.

పరిశోధనల అంకెలను చదవడంలో ఒక జాగ్రత్త అవసరం. నొప్పిని 100 మిల్లీమీటర్ల బద్దపై గుర్తించమని రోగిని అడిగి, రెండు పద్ధతుల మధ్య 5 మిల్లీమీటర్ల తేడా కనిపిస్తే, వందలమందిని చేర్చిన పరీక్షలో గణితం దాన్ని నిజమైన తేడా అనే తేలుస్తుంది. కానీ సుమారు 10 మిల్లీమీటర్లకన్నా తక్కువ మార్పును ఆపరేషన్ అయిన రోగి మార్పుగానే గుర్తించడని ఇంకో పక్క కొలిచినవారు చెబుతున్నారు. అడక్టర్ కెనాల్‌నూ ఫీమోరల్‌నూ పోల్చిన పరీక్షల్లో నొప్పి తేడాలు చాలావరకు ఈ గీత కిందే ఉంటాయి, బలం తేడాలు మాత్రం గీతను దాటి కళ్లకు కనిపిస్తాయి. ఇంకో సంగతి: నొప్పిని మంచంమీద కదలకుండా పడుకున్నప్పుడు కొలిచారా, మోకాలు మడిచినప్పుడు కొలిచారా అన్నది ఫలితాన్ని తారుమారు చేస్తుంది. కదలనప్పటి నొప్పిని ఏ పద్ధతైనా తగ్గిస్తుంది.

ఎంతసేపు పనిచేస్తుందన్నది రోగికి అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, రోగికి ముందుగా చెప్పనిదీ అదే. బూపివకెయిన్‌తోనో రోపివకెయిన్‌తోనో ఒక్కసారి వేసిన బ్లాక్ సుమారు 12 నుంచి 18 గంటలు నిలుస్తుంది, ఒక్కోసారి రోజంతా. మధ్యాహ్నం వేసిన బ్లాక్ తెల్లవారుజామున దిగుతుందన్నమాట. అప్పటిదాకా హాయిగా ఉన్న రోగి, నొప్పి లేదు కదా అని రాత్రి మాత్రలు వద్దని నిద్రపోయి, మూడు గంటలకు ఉలిక్కిపడి లేస్తాడు; అప్పుడు మింగిన మాత్ర పనిచేయడానికి మరో అరగంటో గంటో పడుతుంది. ఈ ఎగదన్నే నొప్పిని బ్లాక్ వైఫల్యంగా రోగి బంధువులు లెక్కకడతారు, నిజానికి అది మాత్రల వేళ తప్పిన వైఫల్యం. బ్లాక్ పనిచేస్తుండగానే మాత్రలు మొదలుపెట్టాలి. దీన్ని ఇంకా సాగదీయడానికి నరం పక్కన గొట్టం ఉంచి రెండు మూడు రోజులు మందు ఎక్కించే పద్ధతి ఉంది, బాగానే పనిచేస్తుంది, కానీ గొట్టం జారిపోవడం, తడిసిపోవడం, దాన్ని చూసుకునే మనిషి కావలసి రావడం వల్ల చాలా చోట్ల వదిలేశారు. కొవ్వు బుడగల్లో బూపివకెయిన్‌ను నింపి నెమ్మదిగా వదిలేలా చేసిన ఖరీదైన మందుకు అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది, 2023లో అడక్టర్ కెనాల్‌లో వాడటానికీ ఒప్పుకున్నారు. మోకాలి చుట్టూ చిలకరింపులో దాన్ని బ్రిటన్‌లో 533 మంది రోగులపై పరీక్షిస్తే, మామూలు బూపివకెయిన్ ఒక్కటే వాడినదానికన్నా కోలుకోవడంలో గానీ నొప్పిలో గానీ మెరుగు కనిపించలేదు. కొద్ది మోతాదు డెక్సామెథజోన్ చాలా చవక, బ్లాక్‌ను కొన్ని గంటలు సాగదీస్తుంది. షుగర్ ఉన్నవారిలో చక్కెర పెరుగుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల్లో ఈ పోలికకు ఇంకో కోణం జతపడుతుంది: రెండు మోకాళ్లూ ఒకే రోజు మార్చడం. రెండుసార్లు ఆసుపత్రి పాలు కానక్కర్లేదని, ఖర్చు, సెలవులు కలిసొస్తాయని కుటుంబాలు దీన్ని కోరుకుంటాయి. అప్పుడు మందు మోతాదు అసలు సమస్య అవుతుంది. 60 కిలోల మనిషికి రోపివకెయిన్ పరిమితి కిలోకు 3 మిల్లీగ్రాముల చొప్పున 180 మిల్లీగ్రాములు అనుకుందాం, 0.2 శాతం ద్రవంలో మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములు ఉంటాయి కాబట్టి మొత్తం 90 మిల్లీలీటర్లు. రెండు తొడల్లో అడక్టర్ కెనాల్‌కు 20 చొప్పున 40, రెండు ఐప్యాక్‌లకు ఇంకో 40 పోతే సర్జన్ చేతికి మిగిలేది రెండు మోకాళ్లకూ కలిపి 10 మిల్లీలీటర్లు. ఆ సంగతి సర్జన్‌కు తెలియకుండా ఆయన తన అలవాటు ప్రకారం ఒక్కో మోకాలికి 60, 70 మిల్లీలీటర్ల మందు కలిపి ఎక్కిస్తే, పరిమితి ఎప్పుడు దాటిందో ఎవరూ గమనించరు. రక్తంలో స్థానిక మత్తుమందు ఎక్కువైతే నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, ఆపై మూర్ఛ, గుండె లయ తప్పడం వరసగా వస్తాయి. బూపివకెయిన్‌తో ఆగిన గుండెను మళ్లీ కొట్టించడం చాలా కష్టమని 1979 నుంచే వైద్యలోకానికి తెలుసు. విరుగుడుగా 20 శాతం కొవ్వు ద్రవాన్ని కిలోకు 1.5 మిల్లీలీటర్ల చొప్పున, అంటే ఇదే మనిషికి 90 మిల్లీలీటర్లు, వెంటనే సిరలోకి ఇవ్వాలి. బ్లాక్ వేసే గదిలో ఆ సీసా అందుబాటులో లేకపోతే బ్లాక్ వేయకూడదు. రెండు మోకాళ్లు ఒకేసారి చేసేటప్పుడు కాళ్లు రెండూ మొద్దుబారడం లోపం కాదు కనుక, పాతబడిందనుకున్న ఎపిడ్యూరల్‌కు ఇక్కడ ఇంకా పని మిగిలే ఉంది.

అమెరికా పరిశోధనల నిండా నల్లమందు జాతి మందుల వాడకం ఎంత తగ్గిందన్న లెక్కలుంటాయి. అక్కడ ఆ మాత్రలు ఇంటికి పంపితే అలవాటుగా మారి ప్రాణాలు తీసిన అనుభవం ఉంది. మన పరిస్థితి దాదాపు తిరగబడి ఉంటుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కట్టడి వల్ల మార్ఫిన్‌ను ఉంచుకోవడానికే చాలా ఆసుపత్రులు వెనకాడాయి, 2014లో చట్టాన్ని సవరించి వైద్యానికి వాడుకోవడాన్ని సులభం చేసినా ఆ జంకు పూర్తిగా పోలేదు. వార్డుల్లో ట్రమడాల్, పారసిటమాల్‌తోనే నెట్టుకొస్తారు. ట్రమడాల్ తిన్న వృద్ధులు వాంతులతో, కళ్లు తిరగడంతో లేవలేకపోవడం అందరూ చూసేదే. అందుకని బ్లాక్ విలువను ఇక్కడ తూచే రాయి వేరు. అక్కడ అది ఇంకో మందును తగ్గించే సాధనం, ఇక్కడ చాలా చోట్ల అదే అసలు నొప్పి మందు.

ఇంత చెప్పాక కూడా ఫీమోరల్ బ్లాక్‌ను పూర్తిగా కొట్టిపారేయలేం. పాత కీలు తీసి కొత్తది వేసే రెండో ఆపరేషన్లలో, మార్ఫిన్ జాతి మందులకు ఏళ్లుగా అలవాటుపడ్డవారిలో, లేదా అన్నీ ఇచ్చినా నొప్పితో అరుస్తున్న రోగిలో, ఒక రాత్రి కాలు బలహీనమైనా పర్వాలేదనుకుని దాన్ని వేయడం తెలివైన పనే. కాలి నరాలు షుగర్‌తో అప్పటికే దెబ్బతిన్నవారిలో ఏ బ్లాక్ వేసినా ముందే స్పర్శను, పాదం కదలికను పరీక్షించి కేస్‌షీట్‌లో రాసుకోవాలి, లేకపోతే ఉన్న తిమ్మిరి కూడా సూది ఖాతాలో పడుతుంది. లిగమెంట్ కుట్టే కీహోల్ ఆపరేషన్లకు ఇక్కడ చెప్పినవన్నీ నేరుగా వర్తించవు. తొడ వెనక నుంచి తీసిన స్నాయువు చోటు నొప్పిని అడక్టర్ కెనాల్ ముట్టదు.

ఎంచుకున్న పద్ధతి ఏదైనా, మంచం దిగేముందు చేయించే పరీక్ష ఒకటే. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడవకుండా మడమను మంచం నుంచి జానెడు ఎత్తు లేపి ఐదు లెక్కపెట్టేదాకా ఆపమంటారు. మడమ లేచి నిలిస్తే వాకర్ అందిస్తారు. లేవకపోయినా, లేచి వణికి పడిపోయినా, ఎంత నొప్పి లేదని చెప్పినా ఆ పూటకు మంచం దగ్గరికే మూత్రపాత్ర తెస్తారు, కేస్‌షీట్‌లో బ్లాక్ వేసిన వేళ పక్కన ఆ సంగతి రాసి, రెండు గంటల తర్వాత మళ్లీ మడమ లేపమంటారు.